మాల్‌ఖానా గిన్నెలతో కాపురం

మా తమ్ముడి మనవరాలు శ్రావ్య పోలీసు ఉద్యోగానికి ఎంపికైంది. శిక్షణకు వెళ్లే ముందు నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి, నన్ను కూర్చోబెట్టి ఒక టీవీ ధారావాహిక చూపించింది. అందులో ఇద్దరు గూఢచారులు భార్యాభర్తలుగా ఒక మామూలు వీధిలో కాపురం ఉంటారు. గంటకొక విగ్గు మారుస్తారు, కార్లు తోలుతారు, పిస్తోళ్లు దాస్తారు. ఎదురింటివాళ్లకు ఏళ్ల తరబడి ఒక్క అనుమానమూ రాదు.

"తాతా, నువ్వు గూడ ఒకప్పుడు గిట్లనే ఉన్నవట గదా?" అని అడిగింది.

"ఉన్నాను. అయితే మేము విగ్గులు పెట్టుకోలేదు. బియ్యం ఏరుకున్నాము" అన్నాను.

ఆమె నవ్వింది. నేను హాస్యమాడలేదు. ఆ ధారావాహికలో నాకు నమ్మశక్యం కానిది పిస్తోలు కాదు, ఎదురింటివాళ్లు. అంత ఉదాసీనులైన ఇరుగుపొరుగును నేను నాంపల్లిలో ఎన్నడూ చూడలేదు. అందుచేత ఈ వృత్తిలోకి వచ్చే శ్రావ్యవంటి వారి కోసం ఆ ఎనిమిది నెలల సంగతి రాస్తున్నాను. పదోన్నతుల ప్రసక్తి ఇందులో ఉండదు. నేను చేసిన తప్పుల ప్రసక్తి విస్తారంగా ఉంటుంది. మనుషుల పేర్లు మార్చాను.

ఒకే గోడ

అవి అరవయ్యో దశకపు నడిమి రోజులు. మా వంశంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. మా నాయన మగ్గం మీద కూర్చొని బతికినవాడు. నేను బల్ల ముందు కూర్చొని జీతం తీసుకోవడం ఆయనకు కడదాకా ఒక వింతగానే ఉండేది. ఆ పట్టా కారణంగా నాకు ఒక దురభ్యాసం అబ్బింది. కాగితం మీద పెట్టిన సంగతి నిజమవుతుందని నమ్మేవాణ్ణి.

నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రాజలింగం అనే దఫ్తరీ ఉండేవాడు. ఫైళ్లు కట్టలు కట్టి బీరువాల్లో సర్దే ఉద్యోగం. అతడు ప్రతి ఆదివారం అబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేచోట, ఒక తెల్లజుట్టు మనిషికి కాగితాల పొట్లం అందిస్తున్నాడని పోలీసు నిఘా విభాగంలో ఉన్న మాకు కబురు వచ్చింది. ఆ కాగితాల మీద ఆఫీసు టైపు అక్షరాలు కనిపించాయట. ప్రభుత్వ రహస్యాలు బయటికి పోతున్నాయన్నది అనుమానం. రుజువైతే రాజలింగం ఉద్యోగం పోతుంది, జైలు తప్పదు. అతనికి భార్య ఈశ్వరమ్మ, మెట్రిక్ చదువుతున్న ఒక్క కూతురు.

వాళ్ల వాడలో, వాళ్ల గోడకు ఆనుకొని ఉన్న రెండు గదులు కిరాయికి ఖాళీ అయ్యాయి. అక్కడ ఒక కుటుంబాన్ని దింపాలని మా పెద్దసాబ్ నిర్ణయించాడు. మా పై అధికారిని అందరం పెద్దసాబ్ అనేవాళ్లం. కుటుంబాన్ని ఆయనే కూర్చాడు. కొత్త పేరుతో నేను మందుల కంపెనీ ప్రతినిధి రామచంద్రాన్ని. కానిస్టేబుల్ సుగుణ నా భార్య. వేరే పేరుతో పిలిస్తే తాను పలకనని చెప్పింది గనుక ఆమె పేరు అలాగే ఉంచారు. జైలు వార్డరుగా పనిచేసి రిటైరైన మల్లమ్మ మా అమ్మ. లోపలి గది ఆడవాళ్లిద్దరిదీ, బయటి గది నాదీ. మల్లమ్మ వచ్చిన మొదటి సాయంత్రమే మా ఇద్దరినీ వేలు చూపి లెక్కపెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. ముప్పై ఏళ్ల అలవాటు.

పెద్దసాబ్ తెలివి

కాపురానికి గిన్నెలు కావాలి. నేను జాబితా తయారుచేసి, కొత్త సామాను కొనడానికి అనుమతి కోరాను. పెద్దసాబ్ జాబితాను చూసి పక్కన పెట్టాడు.

"ఆరేండ్ల కింద పెండ్లయినోళ్ల ఇంట్ల గిన్నెలన్నీ తళతళ మెరుస్తుంటె ఎవడు నమ్ముతడు మియా? మాల్‌ఖానాల ఎన్నో పడి ఉన్నయి, బేకార్‌గ. దస్తఖత్ పెట్టు, తీస్కపో."

మాల్‌ఖానా అంటే దొంగల దగ్గర పట్టుబడ్డ సామాను ఉంచే గది. సొంతదారు ఎవరో తేలనివి అక్కడ ఏళ్ల తరబడి మూలుగుతుంటాయి. ఆయన తెలివికి నేను ఆశ్చర్యపోయాను. ఒక ఇత్తడి బిందె, రెండు కంచు గిన్నెలు, చెంబు, నాలుగు పళ్లాలు తీసుకొని రసీదు రాశాను. ఒక్కొక్క దానికి ఎన్ని సొట్టలున్నాయో కూడా రాశాను.

గిన్నెల అంచుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఉన్నాయి. వాటిని మాత్రం చదవలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు పక్కింటి గిన్నె చేతికొస్తే అందులో ఏముందో చూడకముందే అంచు మీది పేరు చదువుతారని నా చదువు నాకు చెప్పలేదు.

సార్ అనే పిలుపు

దిగిన మూడో రోజున నేను వాకిట్లో ముఖం కడుక్కుంటున్నాను. ఈశ్వరమ్మ నల్లా దగ్గర బిందె నింపుకుంటోంది. సుగుణ గుమ్మంలోకి వచ్చి, స్టేషనులో పిలిచినట్టే, గట్టిగా అన్నది:

"సార్! అన్నం అయ్యింది సార్!"

ఈశ్వరమ్మ బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె నల్లా కట్టేయలేదు.

"ఏంది సుగుణమ్మా, పెనిమిటిని సారంటవా?"

నా చేతిలో సబ్బు జారిపోయింది. సుగుణ మాత్రం రెప్ప వేయలేదు.

"పెండ్లికి ముందు మాకు ట్యూషన్ చెప్పిండు అక్కా. నోటికి గదే అలవాటైంది."

"ఔనా! లవ్ మ్యారేజా?"

"ఏం లవ్వో ఏమో. లెక్కల తప్పు చేస్తే చెయ్యి చాపమనెటోడు."

ఆ సాయంత్రానికి వాడంతా నన్ను ట్యూషన్ సార్ అనడం మొదలుపెట్టింది. నేను సుగుణను మందలించాను. అనుమతి లేని వివరాలు కల్పించరాదని చెప్పాను. ఆమె, "మరి మీరేం చెప్తురు సార్?" అని అడిగింది. ఆ కల్పనే ఒక మనిషిని నిలబెడుతుందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

కాగితం మీద రాసుకున్న తగవు

నెల గడిచాక ఈశ్వరమ్మకు మరొక దిగులు పట్టుకుంది. మేము పోట్లాడుకోవడం లేదు.

"గోడ కివతల మాకు చెంచా పడ్డా ఇనొస్తది. మీ ఇంట్ల నెలసంది ఒక్క మాట పెరగలే. మంచిగున్నరా బిడ్డా?" అని సుగుణ చేతులు పట్టుకొని అడిగిందట.

తగవు అవసరమని మేము తీర్మానించుకున్నాము. నేను ఒక కాగితం మీద ఆరు అంశాలు రాసి, ఎవరు ఏది అనాలో గుర్తుపెట్టి సుగుణకు ఇచ్చాను. మొదటి అంశం: కూరలో ఉప్పు. మరునాడు పొద్దున, ఈశ్వరమ్మ వాకిలి ఊడుస్తున్న సమయం చూసి, నేను ప్రారంభించాను.

"ఈ కూరలో ఉప్పు ఎక్కువైనట్టు కనబడుతున్నది."

మల్లమ్మ తల కొట్టుకుంది. సుగుణ చేతిలోని కాగితాన్ని నలిపి పొయ్యిలో వేసింది.

"ఉప్పు సంగతి తర్వాత! ఇంటికొచ్చి ఏందో గీక్కుంట కూసుంటవు. ఏం రాస్తున్నవంటె చెప్పవు. నేను గీడ ఎందుకున్న మరి? వంట చెయ్యనీకా? అన్నీ నీ పెట్టెల్నే పెట్టి తాళమేసుకుంటవు. నన్నేమన్న మనిషి లెక్క చూస్తున్నవా?"

అది ఆరు అంశాల్లో లేదు. పైగా నిజం. గోడ అవతల నుంచి ఈశ్వరమ్మ గొంతు హాయిగా వినిపించింది: "గట్ల అడుగు!"

ఆ తగవు నూటికి నూరుపాళ్లు ఫలించింది. అందులోని ఫిర్యాదును మాత్రం నేను పట్టించుకోలేదు. ఆమె చదువు ఏడో తరగతి, నాది బి.ఏ. కేసు వివరాలు ఆమెతో చర్చించవలసిన అవసరం నాకు కనిపించలేదు. నా వృత్తిజీవితంలో దీనికి మించిన తెలివితక్కువతనం మరొకటి లేదు.

రబ్బరు మలయా

నేను పెట్టెలో తాళం వేసి దాచుకున్నది ఇదీ. రోజూ తెల్లవారుజామున ఐదు గంటలకు రాజలింగం కిటికీ మూసుకొని, లోగొంతుకతో ఏదో వల్లించేవాడు. నేను గోడకు చెవి ఆనించి, పెన్సిలుతో రాసుకునేవాణ్ణి.

"రబ్బరు, మలయా. రాగి, చిలీ. ఉన్ని, ఆస్ట్రేలియా. తేయాకు, సిలోన్. జనుము..." ఇక్కడ ఆగి, మళ్లీ మొదటి నుంచి. "రబ్బరు, మలయా..."

వస్తువు పేరు, వెంటనే దేశం పేరు. ప్రతిరోజూ అదే సమయం. జనుము దగ్గర ప్రతిసారీ విరామం. ఇది సంకేత భాష అనడంలో నాకు సందేహం కలగలేదు. జనుము దగ్గరి విరామం మీద ప్రత్యేకంగా ఒక పేజీ రాశాను. ఇరవై ఆరు పేజీల నివేదిక పెద్దసాబ్‌కు చేరింది, ఆయన దాన్ని పైకి పంపాడు. ఆదివారం అబిడ్స్‌లో పొట్లం చేతులు మారే క్షణాన పట్టుకోవాలని నిర్ణయమైంది. నలుగురు మనుషులను కేటాయించారు. రాజలింగం పేరు పక్కన నా చేతిరాత తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ సంగతి నాకు గర్వంగానే ఉండింది.

శనివారం సాయంత్రం

ఆ ఆదివారానికి ముందురోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. రాజలింగం. భుజం మీది తువ్వాలు కింద ఏదో పట్టుకొని ఉన్నాడు.

"జర లోపలికి రావచ్చా సారూ?"

కూర్చున్నాడు. తువ్వాలు తీశాడు. మా కంచు గిన్నె. మూడు రోజుల కింద సుగుణ అందులో పప్పు పోసి ఈశ్వరమ్మకు పంపింది.

"ఈ గిన్నె మా అత్తది సారూ."

"ఏమిటి?"

"అంచు మీద చూడున్రి. వెంకటనర్సమ్మ. మా అత్త పేరు. పదేండ్ల కింద రైలు దిగినప్పుడు పెట్టె పోయింది, గిది అండ్లదే. మా ఇంటామె మీ సామానంత చూసింది. బిందె మీద ఒక పేరు, చెంబు మీద ఒక పేరు, పళ్లెం పళ్లానికొక పేరు. మీరు దొంగలంటది. ఠాణాకు పోదాం నడువని మూడు రోజులసంది నా పానం తింటుంది."

మేము దొంగలం! ఠాణాకు ఫిర్యాదు! మల్లమ్మ అలవాటు కొద్దీ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. తరువాత ఏమనుకుందో, నిట్టూర్చి అన్నది:

"మాయి మాకు లేకుంట పోయినయి కొడుకా. ఎవరెవరియో తెచ్చుకొని ఎల్లదీస్తున్నం."

ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక్క అబద్ధమూ లేదు.

"నేను గదే చెప్పిన," అన్నాడు రాజలింగం. "దొంగలు గింత పద్ధతిగ ఉంటరానే, పాత సామాన్ల కొన్నరేమో అన్న. గిన్నె మీకాడనే ఉండని. నేను గిన్నె కోసం రాలే సారూ."

చొక్కా లోపల చేయి పెట్టి ఒక పొట్లం తీశాడు. మరునాడు ఏ పొట్లం కోసం నలుగురు కాపు కాయబోతున్నారో, ఆ పొట్లం. దాన్ని నా ఒడిలో పెట్టాడు.

"మీరు ట్యూషన్ చెప్పెటోళ్లని సుగుణమ్మ చెప్పింది. నాకు ఆల్జీబ్రా సమజైతలేదు. ప్రైవేటుగ మెట్రిక్ కడుతున్న. పాసైతె క్లర్కు పోస్టు దొరుకుతది. అబిడ్స్‌ల ఒక ముసలి పంతులు ఉన్నడు, ఆదివారమాదివారం దిద్ది ఇస్తడు. తప్పుంటె ఎర్రసిరాతో కొడ్తడు గని ఎందుకు తప్పో చెప్పడు."

పొట్లం విప్పాను. ఒకవైపు పెన్సిలుతో సమీకరణాలు. రెండోవైపు ఆఫీసు టైపు అక్షరాలు, సిరా అలుక్కుపోయి.

"ఈ కాగితాలు ఎక్కడివి?"

"రద్దీ కాయితాలు సారూ. స్టెన్సిల్ చెడిపోయినయి, పొయ్యిలకు పోయేటియి. ఎనక ఖాళీ ఉంటది గదా అని..." అతని గొంతు తగ్గింది. "ఎవ్వరికి చెప్పకున్రి. ఆఫీసుల తెలిస్తె నవ్వుతరు. నా బిడ్డ గూడ ఈసారె మెట్రిక్. అది పాసై నేను ఫేలైతె దాని మొఖం ఎట్ల చూడాలె? అందుకె అది లేవకముందె, పొద్దుగాల ఐదింటికి..."

"ఐదింటికి ఏమి?" అన్నాను.

"జాగ్రఫీ. ఏ దేశంల ఏం దొరుకుతదో నోటికి పట్టాలె. రబ్బరు మలయా, రాగి చిలీ, ఉన్ని ఆస్ట్రేలియా, తేయాకు సిలోన్, జనుము... గీ జనుమొక్కటి యాదికుంటలేదు సారూ."

"తూర్పు బెంగాల్!" అన్నది సుగుణ లోపలి గదిలోంచి. "గిది నేను ఏడో తరగతిల బట్టీ పట్టిన సార్!"

ఆమె సార్ అన్నందుకు ఈసారి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

రాజలింగం వెళ్లిపోయాక ఆమె నా పెట్టె వైపు చూసింది. "తాళమేసి దాచింది గిదేనా?" అన్నది. నేను తల ఊపాను. ఆమె లోపలికి వెళ్లి బియ్యం ఏరడానికి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి వాక్యం

వెంటనే రిక్షా ఎక్కి లక్డీకాపూల్‌లో పెద్దసాబ్ ఇంటికి వెళ్లాను. రాజలింగాన్ని అడిగి తెచ్చుకున్న ఒక కాగితం ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన కాగితాన్ని తిప్పి, అలుక్కుపోయిన అక్షరాలను కళ్లద్దాలు సర్దుకొని చదివాడు. రెండేళ్ల కిందటి పండుగ సెలవుల జాబితా.

"దీపావళి సెలవు దుష్మన్‌కు చేరిందన్నమాట," అన్నాడు. "పైనోళ్లు ఏమన్నరో తెలుసా? రబ్బరు అంటె లారీలట. ఉన్ని అంటె ఫౌజు కంబళ్లట. జనుము కాడ నువ్వు రాసిన పేజీ మంచిగున్నదని మెచ్చుకున్నరు." కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "నీకు డిగ్రీ ఉన్నది గదా?"

"ఉంది సార్. చరిత్ర, అర్థశాస్త్రం."

"జాగ్రఫీ లేదు?"

"లేదు సార్."

"షుకర్, బతికినవ్. ఉంటె వాపస్ తీస్కుందురు." నవ్వు ఆపి అన్నాడు: "రేపటిది ఆపాలంటె కారణం కాయితం మీద కావాలె. ఎవరి తప్పని రాద్దాం మియా? కబురిచ్చినోడిదా, నీదా?"

నేను వెంటనే జవాబు చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. నా వంశంలో మొదటి పట్టా, మొదటి సర్కారు కొలువు. వాటి మీద నా చేతితో నేనే మచ్చ పెట్టుకోవాలి. కబురిచ్చినవాడి మీదికి నెడితే అడిగేవారు లేరు. అయితే అట్లా నెడితే, సమాచారం అసంపూర్ణమని ఫైలు తెరిచే ఉంచుతారు. రాజలింగం పేరు అందులో ఉండిపోతుంది. మూతపడాలంటే తప్పు ఖాయంగా ఎవరిదో ఒకరిదై ఉండాలి.

"నాది సార్" అన్నాను.

అక్కడే కూర్చొని నేను రాసిన కొత్త నివేదికలో నా తప్పు నాలుగో పేరాలో ఉంది. పెద్దసాబ్ ఆ వాక్యానికి సున్నా చుట్టి, బాణం గీసి, పైకి తెచ్చాడు. మొదటి వాక్యం ఇట్లా తయారైంది: "నేను పొరబడ్డాను." శ్రావ్యా, ఈ ఒక్కటి గుర్తుంచుకో. తప్పును నాలుగో పేరాలో దాచిన నివేదికలు తరువాత చాలా చూశాను. వాటి మూలంగా బయటపడిన నిర్దోషిని ఒక్కణ్ణీ చూడలేదు.

ఒక అబద్ధపు నివేదిక

కేసు ముగిసింది గనుక ఇల్లు ఖాళీ చేయాలి. కానీ మెట్రిక్ పరీక్ష మార్చిలో. నా ఉద్యోగ జీవితంలో తెలిసి రాసిన ఏకైక అబద్ధపు నివేదిక అప్పుడు రాశాను: "వాడలో పరిస్థితులను మరి మూడు నెలలు పరిశీలించుట అవసరము." పెద్దసాబ్ సంతకం చేస్తూ, "ఆల్జీబ్రా మీద జర గట్టి నిఘా పెట్టు" అన్నాడు.

పెట్టాను. లెక్కలు నేను, జాగ్రఫీ సుగుణ. మల్లమ్మ ఎదురుగా కూర్చొని, రాజలింగం కునికితే గచ్చు మీద తాళంచెవులు కొట్టేది. నేను మలయా అనబోయి సిలోన్ అంటే సుగుణ నా వైపు చూసే చూపు ఇప్పటికీ మరవలేదు. ఆనాటి నుంచి ఏ కేసులోనూ నా పెట్టెకు తాళం వేయలేదు.

పరీక్షలు అయ్యాక బదిలీ అయిందని చెప్పి సామాను సర్దుకున్నాము. వెంకటనర్సమ్మ పేరున్న కంచు గిన్నె నిండా పరమాన్నం వండి సుగుణ ఈశ్వరమ్మకు ఇచ్చి, ఆ గిన్నె ఇక తిరిగి పంపవద్దని చెప్పింది. మాల్‌ఖానా రసీదులో నేను "సొంతదారు వారసులకు అప్పగించడమైనది" అని రాశాను. అది నిజమే.

కానీ మన ఇళ్లలో గిన్నె పుచ్చుకొని ఊరకుండరు కదా. రిక్షా కదలబోతుంటే ఈశ్వరమ్మ పరుగున వచ్చింది. చేతిలో సకినాలు నింపిన కొత్త స్టీలు గిన్నె. ఆ రోజుల్లో స్టీలు అంటే దఫ్తరీ ఇంట్లో తమ కోసం కూడా కొనుక్కోనిది.

"మీ ఇంట్ల మీ పేరు మీద ఒక్క గిన్నె లేదు సుగుణమ్మా. నా మనసుకు మంచిగనిపిస్తలే."

అంచు మీద చుక్కలతో కొట్టించి ఉంది: "రామచంద్రం, సుగుణలకు ఈశ్వరమ్మ."

మల్లమ్మ ముఖం తిప్పుకుంది. ఏడవని వార్డరని జైల్లో ఆమెకు పేరు.

కస్టడీ

ఎండాకాలంలో ఫలితాల పేపరు వచ్చింది. రెండు నంబర్లూ నాకు కంఠతా వచ్చు. కూతురిది మొదటి తరగతిలో ఉంది. తండ్రిది మూడో తరగతిలో, చిట్టచివరి వరుసలో ఉంది. పేపరు తీసుకెళ్లి సుగుణకు చూపించాను. "జాగ్రఫీల ఒడ్డెక్కిండు సార్" అన్నది. ఆల్జీబ్రా కావచ్చునని అన్నాను. ఆ తగవు మాకు కడదాకా తీరలేదు.

శ్రావ్య అడిగినట్టే మీరందరూ అడుగుతారు. లేదు, నేనూ సుగుణా పెళ్లి చేసుకోలేదు. ఆమె ఒక బడిపంతులును చేసుకుంది. లెక్కల పంతులు, జాగ్రఫీ కాదు. విచారించే రాస్తున్నాను.

స్టీలు గిన్నెను మాల్‌ఖానాలో జమ చేయడానికి తీసుకెళ్లాను. అక్కడి గుమాస్తా, అది పట్టుబడిన సొత్తు కాదు గనుక తీసుకోనన్నాడు. పెద్దసాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంచు తిప్పి పేరు చదివి, నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఈ రామచంద్రం వచ్చి అడిగేదాక నీ కస్టడీల ఉంచు."

ఉంచాను. పెళ్లయిన వారానికే మా ఆవిడ అంచు మీది పేరు చదివింది. సుగుణ ఎవరో ఒక్క రోజులో చెప్పగలిగాను. రామచంద్రం ఎవరో చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు లేదు. ఆ గిన్నెలో రోజూ పెరుగు తోడుపెడుతుంది.

రామచంద్రం ఇంతవరకూ రాలేదు. వస్తే గిన్నె ఇచ్చేస్తాను. ఖాళీగా మాత్రం ఇవ్వను.